సరకుల అరుగు



అమరావతి యనగనే మన మనస్సునకు తోచునవి అమరేశ్వరుని ఆలయము, కృష్ణవేణీ ప్రవాహము, శిథిలమై మిగిలిన మహాచైత్యము. 2015 వ సంవత్సరము అక్టోబరు 22 వ తేదీని రాజధానికి శంకుస్థాపన జరిగిన నాటినుండి పెద్ద పెద్ద భవనములు గూడ తోచుచున్నవి. నేను నేడు మాటాడబోవునది వీనిలో దేనిని గూర్చియు గాదు. గిడ్డంగి ముందఱ, మిల్లు వాకిట, లారీ వెనుకకు వచ్చి ఆనుకొని నిలుచు కాంక్రీటు అరుగును గూర్చి మాటాడెదను. చదువుకొన్నవారు దానిని లోడింగు డాక్ అందురు. హమాలీలు ప్లాట్‌ఫారము అందురు. నేను అరుగనియే యనెదను.

ముప్పదియైదేండ్లు బాలురకు వ్యాకరణము చెప్పి విశ్రాంతి గైకొన్న పంతులునకు కాంక్రీటుతో నేమి పని యని మీలో గొందఱు నవ్వుకొనవచ్చును. పని మాటతోనే మొదలగుచున్నది. అరుగు అను మాట చిత్రమైనది. ఇంటి ముందఱి తిన్నె అరుగు. వెళ్లుట యను నర్థమున క్రియగా వాడినను అరుగుటయే. శకటరేఫముతో వ్రాసినచో అఱుగుట యనగా క్షయించుట. శకట మనగా బండి. కావుననే పిల్లలు దానిని బండి ఱ యందురు. ఈ మూడు మాటలును సరకుల అరుగునొద్ద ఒక్కచోట గూడినవి. సరకు అరుగవలెను, అనగా సాగిపోవలెను. బండి వచ్చి తాకినను అరుగు అఱుగరాదు. ఆ రెంటి నడుమ నిలిచిన మనుష్యుడును అఱుగరాదు. నా ప్రసంగసారమంతయు నింతే. తక్కినది దీనికి వ్యాఖ్యానము.

ఇట్టి కట్టడము మన సీమకు క్రొత్తది గాదు. అమరావతి ప్రక్కనే ధరణికోట యున్నది. శాతవాహనుల నాటి ధాన్యకటక మదియే. అచ్చట 1962 మొదలు 1965 వఱకు పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరిపిరి. నేలను దొలిచి చేసిన పడవల కాలువ యొకటియు, దాని గట్టున సరకు దింపుటకై కట్టిన రేవుకట్టడమును బయల్పడినవి. మొదట నది కొయ్య స్తంభములతో గట్టబడినది. పిమ్మట ఇటుకలతో గట్టబడినది. ఈ రెండు ముక్కలలో నెంత అనుభవ మిమిడియున్నదో యోచింపుడు. కొయ్య నీటికి నానును, పురుగు దినును, పడవ తాకిడికి ఊగును. సరకు పెరిగిన కొలదియు అరుగు గట్టిపడవలె నను సంగతిని మన పూర్వులు రెండువేల యేండ్లనాడే కనుగొనిరి. కౌటిల్యుడు అర్థశాస్త్రమున కోశగృహముతోపాటు పణ్యగృహమును, కోష్ఠాగారమును గట్టించు భారమును సన్నిధాత యను అధికారిపై బెట్టి, వానికి కాల్చిన యిటుకల స్తంభము లుండవలెనని విధించెను. ఓడలకును రేవులకును నావధ్యక్షుని వేఱుగ నియమించెను. సరకు దిగుచోటు రాజు దృష్టికి రాదగినంతటి విషయమని వారు తలంచిరి.

మఱియొక విశేషము. మహాచైత్యమున శిల్పులు పద్మములను, జాతకకథలను చెక్కిన ఱాయి పల్నాటి సున్నపుఱాయి. అట్టి సున్నపుఱాతినే నేడు పల్నాట పొడిచేసి, కాల్చి, సిమెంటు చేయుచున్నారు. నాడు శిల్పమై కన్నుల కింపు గూర్చిన ఱాయి నేడు అరుగై బరువు మోయుచున్నది. రెండును సేవయే.

ఇక నేటి సరకు సంగతి. గుంటూరు మిరప యార్డు మన దేశమున మిక్కిలి పెద్ద మిరప విపణి. కోతల కాలమున గుంటూరు, పల్నాడు, ప్రకాశము సీమలనుండి ట్రాక్టర్లును, లారీలును టిక్కీలతో నిండి వచ్చును. అమ్ముడుపోని కాయ శీతల గిడ్డంగులలో నెలల తరబడి నిలువ యుండును. పత్తి యైనచో బోరెములలో జిన్నింగు మిల్లునకు వచ్చి, గింజ వేఱై, 170 కిలోల బేలుగా బిగింపబడి వెడలును. ఒక మిరప టిక్కీ కల్లమును వీడి ఓడరేవు చేరులోపల ఎన్ని చేతులు మాఱునో లెక్కింపుడు. కల్లమున ట్రాక్టరు పైకి, యార్డున క్రిందికి, వ్యాపారి లారీ పైకి, గిడ్డంగిలోనికి, మరల లారీ పైకి, రేవున క్రిందికి. తక్కువలో తక్కువ ఆఱు మాఱులు. ఆఱు మాఱులును మనుష్యుని మెడమీదుగనే.

మా ప్రాంతమున నొకచోట క్రొత్తగా గిడ్డంగి కట్టిరి. పేరు చెప్పుట అనవసరము. గోడలు చక్కగా లేచినవి; ముందఱ రంగుల బోర్డు వెలసినది. అరుగు మాత్రము రెండడుగుల యెత్తున ముగిసినది. వచ్చు లారీల తొట్టి నేలనుండి నాలుగడుగు లున్నది. నడుమ రెండడుగుల లోటు. దానిని బూడ్చుటకు ఒక కొయ్యబల్లను ఏటవాలుగ వేసిరి. తొలకరి జల్లు పడిన నాడు ఆ బల్లపై ఒక హమాలీ జాఱి, టిక్కీతో గూడ నేల గూలెను. ప్రాణము దక్కినది, నడుము దక్కలేదు. ఆ ముఠాకు మేస్త్రీగా నున్నవాడు చిన్నతనమున నాయొద్ద చదువుకొన్నవాడు. బజారున నాకు గనుపించి యీ సంగతి చెప్పి, చివరకు "పంతులుగారూ, కట్టేటప్పుడు మమ్మల్ని ఒక్కమాట అడిగి ఉంటే ఎంత ఎత్తుండాలో చేత్తో చూపించేవాళ్ళం గదండీ" అనెను. వాని మాటలో కోపము లేదు. కోపము లేకుండుటయే నన్ను కలచివేసినది. ఆ పిమ్మట నేను కట్టడము తెలిసిన యింజనీర్ల నడిగియు, తాపీమేస్త్రీల పనిని నిలిచి చూచియు గ్రహించిన సంగతులను మీ ముందుంచుచున్నాను.

మొదటిది ఎత్తు. పది టన్నుల లారీకి 45 కిలోల టిక్కీలు సుమారు 222 పట్టును. ఆర్వురు మనుష్యులు పంచుకొన్నచో తలకు 37 వచ్చును. అరుగు రెండడుగులు తక్కువైనచో ఒక్కొక్కడు ఆ లారీ నిండులోపల 74 అడుగుల యెత్తు ఎక్కినవాడగును. అనగా 45 కిలోలు మెడపై నుంచుకొని ఏడంతస్తుల మేడ యెక్కుట. టిక్కీతోపాటు తన దేహమును గూడ ఎత్తుకొనవలెనని మఱువకుడు. దినమునకు మూడు లారీలైనచో మూడు మాఱులు ఆ మేడ యెక్కవలెను. 1967 లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వయోజనుడైన పురుషుడు మోయు బరువు 55 కిలోలకు మించరాదని సిఫారసు చేసినది. మన టిక్కీ దానికి లోబడియే యున్నది. కాని బరువొక్కటియే లెక్క గాదు. ఎంత యెత్తునకు, ఎన్ని మాఱులు అనునవియు లెక్కయే. ఆ రెండవ లెక్కను నిర్ణయించునది అరుగు.

రైలువారి కీ విషయమున చిక్కు తక్కువ. పెట్టెలన్నియు నొక్క కొలతకు లోబడి యుండును గనుక, సరకుల ప్లాట్‌ఫారము పట్టాల మట్టమునుండి 1065 మిల్లీమీటర్లకు మించరాదని నియమము చేసికొనిరి. లారీల కట్టి యేకరూపత లేదు. ట్రాక్టరు తొట్టి యొక యెత్తు, చిన్న బండి యొక యెత్తు, పది చక్రముల లారీ మఱియొక యెత్తు. ఖాళీ లారీకిని, నిండు లారీకిని గూడ స్ప్రింగులు కుంగుటచే కొన్ని యంగుళముల భేద ముండును. కావున కట్టించువాడు మొదట చేయవలసినది నకలు చూచి కట్టుట గాదు. తన వాకిటికి వచ్చు బండ్లను పదింటిని నిలిపి కొలుచుట. సాధారణముగా నాలుగడుగుల యెత్తు పెద్ద లారీలకు సరిపోవును. చిన్న బండ్లు హెచ్చుగా వచ్చుచోట అరుగులో నొక భాగమును తగ్గించి రెండు మట్టములుగ గట్టవచ్చును. మిగిలిన అంగుళముల తేడాకు మడతబందులపై లేచి లారీ తొట్టిపై వాలు ఇనుపపలక నమర్తురు. దానిని డాక్ లెవెలరు అందురు. లారీ నిలుచు నేలను గూడ గట్టిగా కాంక్రీటు చేయవలెను. ఎంత కొలిచి కట్టినను, చక్రములు బురదలో నరయడుగు దిగబడినచో ఆ కొలత వ్యర్థము.

రెండవది నేల. మన నల్లరేగడి పత్తికి తల్లి, కట్టడమునకు సవతితల్లి. వానకు నీరు ద్రాగి ఉబ్బును. వేసవిని ఎండి బీటలు వాఱును. సంవత్సరమున కొకమాఱు లేచి కూర్చుండు నేలపై బిగువైన కాంక్రీటు పఱచినచో అది విఱుగక యేమగును? ఈ ఉబ్బును, కుంగును పై పొరలలోనే హెచ్చు. సుమారు మూడున్నర మీటర్ల లోతున తేమ యంతగా మాఱదు. అందుచే రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు ఇట్టి నేలలకు అండర్‌రీమ్డ్ పైళ్లను ప్రచారమునకు దెచ్చిరి. గొట్టమువంటి గుంతను లోతుగా దొలిచి, అడుగున గంటవలె వెడల్పు చేసి, ఇనుప ఊచలతో కాంక్రీటు పోయుదురు. ఆ గంట వెడల్పు కాండమునకు రెండున్నర రెట్లుండును. పైనేల ఉబ్బి పైకి లాగినను అడుగున గంట కదలనీయదు. తుమ్మమొద్దును పెకలింపజూచిన రైతునకు ఈ సూత్రమును వేఱుగ జెప్పనక్కఱలేదు. అరుగు ముందుగోడకు ఈ పైళ్లు ఆధారమగును. లోపలి పలక క్రింద రేగడిని మీటరు లోతు వఱకు తీసివైచి, ఉబ్బని గ్రావెలు నింపుట మంచిది.

ఆ నింపుటలోనే మూడవ జాగ్రత్త యున్నది. అరుగనగా నొక గోడ, దాని వెనుక మట్టి, ఆ మట్టిపై కాంక్రీటు పలక. గుంతనుండి తీసిన రేగడినే మరల గోడ వెనుక బోసి చదును చేయుట కొందఱి పొదుపు. ఆ రేగడి వానకాలమున ఉబ్బి గోడను వెలుపలికి నెట్టును. వేసవిని కుంగి పలక క్రింద ఖాళీ చేయును. పలక గాలిలో నిలిచినట్లుండును. పైకి నున్నగా గనుపించును. బరువుబండి యెక్కిన నాడు ఫెళ్లున విఱుగును. గ్రావెలునైనను ఒక్కమాఱుగ గుమ్మరింపరాదు. జానెడు మందమున పొరలుగా బోసి, తగుమాత్రము తడిపి, ప్రతి పొరను యంత్రపు దిమ్మిసతో గొట్టవలెను. గోడలో నీరు వెడలుటకు చిన్న రంధ్రములు విడువవలెను. దారి దొరకని నీరు గోడనే దారిగా జేసికొనును.

నాలుగవది పలక. ఇంటి గచ్చు వంటిదే గదా యని నాలుగంగుళముల మందమున బోసి ముగించుట కలదు. బేళ్ల నెత్తు ఫోర్కులిఫ్టు సంగతి వినుడు. మూడు టన్ను లెత్తగల బండి తానే నాలుగు టన్నులకు మించి తూగును. బరువెత్తినపుడు ముందటి రెండు చిన్న చక్రములపై సుమారు ఆఱు టన్నుల భారము పడును. పెద్ద యేనుగు నాలుగు పాదములపై మోపు బరువుకంటె నది హెచ్చు. అదియు రెండు చేతుల వెడల్పు చోటున. కావున ఆఱు మొదలు ఎనిమిదంగుళముల మందమును, తగిన యూచల నేతయు వలయును. ఆ లెక్కను ఇంజనీరు చేయవలెను, ఊహతో చేయరాదు. కాంక్రీటు ఆఱునపుడు ముడుచుకొనును గనుక ఎట్లును పగులును. ఎక్కడ పగులవలెనో మనమే నిర్ణయించుట విద్య. నాలుగు నాలుగున్నర మీటర్ల కొకచోట, పోసిన మఱునాటిలోపలనే, మందములో నాలుగవవంతు లోతున ఱంపముతో గీత కోయుదురు. పగులు ఆ గీత క్రింద దాగును. పద్యమున యతిస్థాన మెట్టిదో పలకలో ఆ గీత యట్టిది. విరామము తగినచోట నుంచినచో పద్యము విఱుగదు.

అయిదవది నీరు. కలుపునపుడు నీరు తక్కువగ నుండవలెను. పోసిన పిదప ఎక్కువగ నుండవలెను. లోకమున తఱచుగ దీనికి విపరీతము జరుగుచున్నది. సిమెంటునకు నీటి పాలు హెచ్చిన కొలదియు కాంక్రీటు బలము తగ్గునని 1918 లో అమెరికాలో డఫ్ ఏబ్రమ్స్ అను నాతడు నిరూపించెను. 50 కిలోల సిమెంటు బస్తాకు, ఇసుకలోని తడితో గూడ, సుమారు 25 లీటర్ల నీరు మంచి కొలత. పని సులువగుటకై మఱియొక బకెట్టు గ్రుమ్మరించినచో, ఆ నీరు ఆవిరియై పోయినచోట చిఱుత బొందలు మిగులును. పై పొర పొడి రాలును. గిడ్డంగి అరుగులపై తెల్లని దుమ్ము లేచి మిరపకాయపై బడుట మీలో గొందఱు చూచియే యుందురు. అది యా బకెట్టు పుణ్యమే.

పోసిన పిదప మడులు గట్టి నీరు నిలుపవలెను. వరిమడి గట్టెఱిగిన మన రైతుబిడ్డలకు ఇది నేర్పనక్కఱలేదు. 2000 సంవత్సరపు భారతీయ ప్రమాణము 456, మామూలు సిమెంటునకు కనీసము ఏడు దినములు, ఇతర ద్రవ్యములు కలిసిన సిమెంటునకు పది దినములు తడి యుంచవలె ననుచున్నది. ఎండ తీవ్రమైనచో పది, పదునాలుగు దినములు మేలనియు జెప్పుచున్నది. మన రోహిణికార్తెను మించిన తీవ్రమైన యెండ మఱి యెక్కడ గలదు? ఏడు దినములకు కాంక్రీటు తన బలములో సుమారు మూడింట రెండు పాళ్లు సంపాదించును. బలమును కొలుచుటకు గడువు 28 దినములు. పంట వచ్చిపడుచున్న దని పదవనాడే లారీలను రప్పించు యజమాని, పాలు మఱువని శిశువుపై కాడి మోపుచున్నాడు.

ఆఱవది అంచులు. లారీ వెనుకకు వచ్చి తాకుచోట కాంక్రీటు మూల నిలువదు. అంచునకు ఇనుప కోణమును పోతలోనే బిగించి, దాని క్రింద దళసరి రబ్బరు దిమ్మలు తగిలింపవలెను. అరుగుపై నీరు నిలువకుండ నూఱడుగుల కొక యడుగు వాలుండవలెను. ఆ వాలు వాకిలివైపునకే గాని గిడ్డంగిలోనికి గాదు. లారీ తొట్టిని గూడ గప్పునంత ముందునకు రేకుల కప్పు సాగవలెను. తడిసిన టిక్కీకి బూజు పట్టిన పిదప ఎంత మంచి యరుగున్నను ధర రాదు. దిగుటకు ఎక్కుటకు ప్రక్కగా మెట్లుండవలెను. నాలుగడుగులనుండి దినమునకు నలువదిమాఱులు దుమికిన మోకాళ్లు నలువదవయేటనే చెడును.

ఇన్ని జాగ్రత్తలకు ఖర్చెంతయగు నని యజమానులు శంకింతురు. అగును, కాదనను. వారిని దూషించుటయు నా యుద్దేశము గాదు. వారు అప్పు దెచ్చి కట్టుచున్నారు. ధర పడిపోయిన యేట వారికిని నిద్ర లేదు. కాని ఒక సంగతి విన్నవించెదను. ఈ ఖర్చు తప్పునది గాదు. అరుగునకు పెట్టనిచో విఱిగిన పలకకు మరల పెట్టవలెను. అచ్చటను తప్పించుకొన్నచో అది నశింపదు; హమాలీ మెడలోనికి, నడుములోనికి, మోకాటిలోనికి మాఱును. అరుగు మోయని బరువును మనిషి మోయును. ఆ పద్దు యజమాని చిట్టాలో గనుపింపదు గనుక లేదనుకొనుట న్యాయము గాదు. సంస్కృతమున భర్త యను పదమునకు మోయువాడు, పోషించువాడు అని యర్థము. మోయువానిని పోషించుట పోషించువాని ధర్మము.

కావున గిడ్డంగి గాని, జిన్నింగు మిల్లు గాని, శీతల గిడ్డంగి గాని కట్టదలచిన మహాశయులకు నా విన్నపము. శంకుస్థాపనకు పురోహితుని పిలుతురు, కొలతలకు ఇంజనీరును పిలుతురు. ఆ దినముననే ముఠామేస్త్రీని గూడ పిలువుడు. నేలమీద నిలిపి, అరుగు ఎంత యెత్తుండవలెనో చూపుమనుడు. ఆతడు చేతితో జూపిన యెత్తును ఇంజనీరు టేపుతో గొలిచి కాగితముపై వ్రాయనిండు. ఆ ఒక్కమాట కడుగుటకు కాసు ఖర్చు లేదు.

సరకు అరుగు గాక. అరుగు అఱుగకుండు గాక. దానిపై నడచు మనుష్యుడు అఱుగకుండు గాక. సెలవు.